మందుకు దారి చూపి, జబ్బుకు బలైన ఐరీన్ క్యూరీ

థైరాయిడ్ క్యాన్సర్ రోగులకు ఇచ్చే రేడియో అయోడిన్ అణు రియాక్టర్లలో తయారవుతుంది. ఆ దారి తెరిచింది మేరీ క్యూరీ కూతురు ఐరీన్. 1897లో పారిస్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో టీనేజీలోనే తల్లి వెంట వెళ్లి గాయపడ్డ సైనికులకు ఎక్స్‌రేలు తీశారు.

అప్పట్లో రేడియోధార్మిక పదార్థమంటే భూమిలో దొరికిందే. 1934లో ఐరీన్, భర్త ఫ్రెడరిక్ జోలియట్ మామూలు అల్యూమినియం రేకుపై ఆల్ఫా కణాలు పడేలా చేస్తే, అందులో రేడియోధార్మిక ఫాస్ఫరస్ పుట్టింది. అంటే కావలసినది మనిషే తయారుచేసుకోవచ్చు! మరుసటి ఏడాదే దంపతులిద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎన్నో క్యాన్సర్ చికిత్సలకు, స్కానింగులకు అదే పునాది.

తల్లిని 1934లో రక్తజబ్బే తీసుకెళ్లింది. ఏళ్ల తరబడి రేడియేషన్ మధ్యే పనిచేసిన ఐరీన్ కూడా 1956లో, 58 ఏళ్లకే, బ్లడ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.