స్పేస్ స్టేషన్‌లో తొలి తోటమాలి.. పుట్టినరోజూ అక్కడే.. ప్రాణాలతో మాత్రం తిరిగిరాలేదు!

2025లో మన శుభాంశు శుక్లా ఐఎస్‌ఎస్‌లో మెంతులు, పెసలు మొలకెత్తించారని అందరం గొప్పగా చెప్పుకున్నాం. ఇలా స్పేస్ స్టేషన్‌లో మొక్కలు పెంచడం అంతకు 54 ఏళ్ల ముందే మొదలైంది. ఆ తొలి తోటను చూసుకున్న వ్యక్తి విక్టర్ పట్సాయెవ్.

1933 జూన్ 19న కజకిస్తాన్‌లోని అక్త్యుబిన్‌స్క్‌లో పుట్టారు. తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. పెన్జాలో ఇంజనీరింగ్ చదివి, వాతావరణ పరికరాలు తయారుచేసి, తర్వాత కొరొల్యోవ్ డిజైన్ బ్యూరోలో చేరారు. అక్కడి నుంచే కాస్మోనాట్ అయ్యారు.

నిజానికి ఆ ట్రిప్ ఆయనది కాదు. పట్సాయెవ్ ఉన్నది బ్యాకప్ టీమ్‌లో. ప్రయోగానికి సరిగ్గా ముందు మెయిన్ టీమ్‌లోని వాలెరీ కుబసోవ్ ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించింది. టీబీ ఏమో అన్న అనుమానంతో టీమ్ మొత్తాన్నీ మార్చేశారు. కుబసోవ్‌కి టీబీ లేదని ఆ తర్వాత తేలింది!

అలా 1971 జూన్ 6న దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్‌లతో కలిసి సోయుజ్-11లో బయల్దేరారు. మర్నాడే సల్యూట్-1లోకి అడుగుపెట్టారు. ప్రపంచంలోనే మొదటి స్పేస్ స్టేషన్ అది.

అందులో ఒయాసిస్ అనే చిన్న పెట్టె. లైట్ల వెలుగులో అవిసె, క్యాబేజీ, ఉల్లి లాంటివి పెంచాలి. తినడానికి కాదు, ప్రయోగం కోసమే. కానీ చుట్టూ మెషిన్లు, ఎప్పుడూ అదే మోత. పైగా జూన్ 16న స్టేషన్‌లో పొగ వచ్చి, దిగిపోదామా అనుకునేంత టెన్షన్. అలాంటి చోట పచ్చగా కనిపించేది అదొక్కటే. ఖాళీ దొరికితే ముగ్గురూ అక్కడికే వెళ్లి చూసేవాళ్లు. మన ఇంట్లో కుండీలో కొత్త ఆకు వస్తే నాలుగుసార్లు వెళ్లి చూడమా? అలాగే. మొక్కలతో వ్యోమగాముల మనసు తేలికపడుతుందన్న సంగతి అక్కడే బయటపడింది.

జూన్ 19న పట్సాయెవ్‌కి 38 ఏళ్లు నిండాయి. అంతరిక్షంలో పుట్టినరోజు జరుపుకున్న తొలి మనిషి ఆయనే.

జూన్ 30న తిరుగు ప్రయాణం. దాదాపు 168 కిలోమీటర్ల ఎత్తులో క్యాప్సూల్ విడిపోతున్నప్పుడు ఒక వాల్వ్ తెరుచుకుంది. గాలంతా బయటకు పోయింది. ముగ్గురికీ ప్రెషర్ సూట్లు లేవు, వేసుకుంటే ముగ్గురు పట్టేంత చోటే లేదు. పారాచూట్ మాత్రం పద్ధతిగా తెరుచుకుంది, క్యాప్సూల్ మామూలుగానే దిగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురూ చనిపోయి ఉన్నారు.

ఆ తర్వాత సోయుజ్‌లో సూట్లు తప్పనిసరి చేశారు. సల్యూట్-1కి మాత్రం మళ్లీ ఎవరూ వెళ్లలేదు. అదే ఏడాది అక్టోబరు 11న దాన్ని కక్ష్య నుంచి కిందికి దించేశారు. పసిఫిక్ మీదుగా కాలిపోయింది.