గిడుగువారి ప్రైవేటు చదువు

మన గ్రంథాలయపు రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు నాకు వెంటనే తోచినది. వ్యావహారిక భాషోద్యమమునకు పితామహులుగా వారిని ఎరుగనివారు తెలుగునాట అరుదు. అయితే వారి జీవితచరిత్రములను వ్రాయువారు సాధారణముగా ఒక్క వాక్యముతో దాటిపోవు భాగ మొకటి కలదు. అది, పంతులుగారు ఉద్యోగము చేయుచు, సంసారభారము మోయుచు, ఏ కళాశాలలోను చేరకయే విశ్వవిద్యాలయ పరీక్షలకు చదివిన కాలము. ఆ భాగమునే నేనిచ్చట కొంత విప్పి చెప్పదలచితిని. మన గ్రంథాలయపు బల్లలవద్ద కూర్చుండి, పగటి పనుల నడుమ దొరికిన గంటలలో చదువుకొన్నవారికి అది ఇంటి మాటవలె వినబడగలదు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరమందలి శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున గల పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వేంకమ్మగారు. తండ్రి చోడవరమునకు బదిలీయై 1875లో అచ్చటనే విషజ్వరముచే మరణించిరి. బాలునకు అప్పటికి పండ్రెండేండ్లు. పిమ్మట విశాఖపట్టణమున మేనమామగారి యింట నుండి, మిసెస్ ఏ.వి.ఎన్. విద్యాసంస్థలో చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. ఆ యేడే వివాహమును జరిగినది. మరుసటి యేట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. మీసములైనను సరిగా రాని ప్రాయము. ఇంటికి ఆధారమైన జీతము.

ఆ కాలపు చదువుల మెట్లు నేటివారికి తెలియవు గనుక కొంచెము చెప్పవలెను. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయమువారు మెట్రిక్యులేషనుపై ఎఫ్.ఏ. పరీక్షను, దానిపై బి.ఏ. పరీక్షను నడుపుచుండిరి. ఒక్కొక్కదానికి రెండేసి యేండ్లు కళాశాలలో కూర్చుండి చదువుట రివాజు. తండ్రి లేని యింటి యువకుడు ఆ ముప్పది రూపాయలను వదలుకొని, పట్టణమున బసచేసి, ఫీజులు కట్టి నాలుగేండ్లు గడుపుట యెట్లు? పంతులుగారు బడిని విడువలేదు, చదువును విడువలేదు. ఉద్యోగమున చేరిన ఆరేండ్లకు, 1886లో, ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ. పరీక్షలో నెగ్గిరి.

ఎఫ్.ఏ. అన్నది చిన్న పరీక్ష యని యెవ్వరును తలపరాదు. గణితమున లోకమును అబ్బురపరచిన శ్రీనివాస రామానుజము, 1906, 1907 సంవత్సరములలో, తక్కిన విషయములలో గట్టెక్కలేక యీ పరీక్షయందే తప్పెను. ఒక్క విద్యలో దిట్టయైన చాలదు. ఇంగ్లీషు మొదలుకొని అన్నింటను నిర్ణీతమైన మార్కులు రావలెను. బి.ఏ. ఫెయిలు అని చెప్పుకొనుటయే ఒక యోగ్యతగా చెల్లిన రోజు లవి.

ప్రైవేటుగా చదువువాని అసలు కష్టము పుస్తకము కఠినముగా నుండుట కాదు. వ్రాసిన సమాధానము సరియైనదో కాదో చెప్పువారు లేకుండుట. కళాశాల విద్యార్థికి ఉపన్యాసము కలదు, తోటివాని పుస్తకము కలదు, నిరుటి యేడు పరీక్ష యిచ్చినవాని సలహా కలదు. ఊరిలో కూర్చున్న ఉపాధ్యాయునకు అచ్చుపుస్తకము, తన బుద్ధి, ఈ రెండే. గ్రామపు లెక్కలు వ్రాయుచు, రాత్రులందు భారతమును, వసుచరిత్రమును గురువు లేకయే చదువుకొన్నవాడను గనుక దీనిని కొంత యెరుగుదును. ఒక పద్యమునకు రెండు అన్వయములు పొసగినప్పుడు ఏది సాధువో తేల్చువారు లేక దీపము ఆరువరకు కూర్చున్న రాత్రులు నాకు పరిచితములే. అయినను నాకు గడువు లేదు, పరీక్షాధికారి లేడు. ఆయనకు రెండును ఉండెను.

ఈ మార్గమునకు తరువాతి కాలమున రాజబాట యేర్పడినది. 1982లో స్థాపింపబడి, పిమ్మట డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఇంటికడ చదువువారికై పాఠ్యగ్రంథములు అచ్చొత్తించినది. అధ్యయన కేంద్రములు నెలకొల్పినది. పర్లాకిమిడిలో నాడు అట్టి సాయ మేదియు లేదు.

అయితే గురువు లేని చదువు పంతులుగారికి ఒక గుణము నేర్పెనని నా నమ్మకము. చెప్పువారు లేనప్పుడు మూలమును తానే చూడవలసివచ్చును. ఆయన ఫస్టు ఫారము పిల్లలకు చరిత్ర పాఠము చెప్పుచుండిరి. పాఠ్యపుస్తకములోని రాజుల పేర్లు చెప్పి ఊరకుండక, తమ జన్మస్థలము చెంతనున్న శ్రీముఖలింగపు ఆలయమునకు పోయి, గోడలపై చెక్కిన శాసనములను చదువ మొదలిడిరి. ప్రాచీన లిపిని నేర్పువారు లేరు. పుస్తకములు తెప్పించుకొని స్వయముగా అభ్యసించిరి. గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమే యని ఆయన నిర్ణయించి ప్రకటించిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున పరిష్కరించి వెలువరించినది ఈ పల్లెటూరి ప్రైవేటు విద్యార్థియే.

ఎఫ్.ఏ. అయిన తరువాత మరి యెనిమిది పదేండ్లకు, ముప్పదియేండ్లు దాటిన వయస్సున, బి.ఏ. పరీక్ష ముగించిరి. చరిత్రను ప్రత్యేక విషయముగా గైకొని, అందు మొదటి తరగతిలో, రాష్ట్రమున రెండవవారుగా నిలిచిరి. కళాశాల గడప తొక్కి చదివినవారిని వెనుకకు నెట్టి ఒక బడిపంతులు రెండవ స్థానమున నిలిచెనన్నమాట. ఇందుచే కళాశాల తరగతులకు పాఠము చెప్పు యోగ్యత వారికి సిద్ధించినది. ఫస్టు ఫారముననే జీవితము ముగియవలసినవారు పై తరగతులకు ఎక్కిన మార్గ మిది.

పరీక్షలు ముగిసినను చదువు ముగియలేదు. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ద్రావిడ భాష కాదు, సంస్కృతమునకు చుట్టము కాదు; ముండా భాషా కుటుంబములోనిది. నాటికి లిపి లేదు, వ్యాకరణము లేదు. తెలుగును సవరయు తెలిసిన ఒక మనుష్యుని తమ యింటనే ఉంచుకొని పంతులుగారు ఆ భాష నేర్చిరి. సవరలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, తమ సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. కొండలలో తిరుగగా మలేరియా సోకెను. దానికి అధికముగా వాడిన క్వినైనుచే వినికిడి పోయి, చెవుడు జీవితాంతము నిలిచెను. మాటలను చెవితో పట్టి వ్రాయవలసిన పనిలో నున్నవానికి చెవియే పోవుట యెంతటి దెబ్బయో చదువరులే ఊహింతురు గాక. ఆయన మాత్రము ఆ పని మానలేదు. 1913లో ప్రభుత్వము రావుబహదూరు బిరుద మిచ్చినది.

1911లో ఉద్యోగము విరమించిరి. అంతకు కొన్ని యేండ్ల ముందే, 1907 ప్రాంతమున, పాఠశాలల ఇన్‌స్పెక్టరగు యేట్సు దొర లేవనెత్తిన ప్రశ్నతో భాషావిషయ మాయన దృష్టికి వచ్చినది. ప్రజలు మాటలాడు తెలుగు ఒకటి, పుస్తకములలో తెలుగు మరొకటి యేల యన్నది ఆ ప్రశ్న. ఈ ఉద్యమ కథ సుప్రసిద్ధమే గనుక విస్తరింపను. ఒక్క అంశము మాత్రము నా విషయమునకు చేరును. ఆ పోరాటము మొదట రగిలినది పరీక్షా మందిరమున. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థులు వ్యాసమును కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడినది. పండితులు అలజడి చేసిరి. జయంతి రామయ్య పంతులుగారు ప్రతిపక్షమున నిలిచిరి. కొలదికాలమునకే ఆ స్వేచ్ఛ తొలగింపబడినది. ఒంటరిగా చదివి పరీక్ష లిచ్చిన మనుష్యుడు, ఇతరుల పిల్లలు తాము ఎరిగిన విషయమును తమ మాటలలో వ్రాయుటకై అంతగా పెనుగులాడుట నాకు సహజముగనే తోచును. తెలియని విషయము ఒక యెత్తు, రాని భాష మరియొక యెత్తు అయినప్పుడు, పరీక్ష దేనికి జరుగుచున్నట్లు?

ఇది గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చూచి పంతులుగారు నవ్వియుందురు. చిన్ననాట పట్టుబడిన భాష. ఈ వయస్సున మార్చుకొనుట నా తరము కాదు. పండితుల గ్రాంథికమునందలి వ్యాకరణవిరుద్ధ ప్రయోగములను ఏరి యేరి చూపిన ఆయనకు ఈ నాలుగు పుటలు ఒక పూట పనియైనను కాకపోవచ్చును.

1919లో తెలుగు అను పేర పత్రికను నడపి వాదము సాగించిరి. పరీక్షలలో, పాఠ్యగ్రంథములలో వాడుకభాష స్థిరపడుట ఆయన గతించిన తరువాతి సంగతి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. దాని కంగీకరింపక, ఏబదియారేండ్లు తాము గడపిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి ఆయనకు డెబ్బదిరెండేండ్లు.

సవరభాషకు ఇంగ్లీషున వ్రాసిన వ్యాకరణము 1931లోనే వెలువడియుండెను. నిఘంటువు మిగిలియున్నది. ఊరు మారినను, చెవి వినరాకున్నను ఆ పని సాగినది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది. ఆ యేడే ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో వారిని గౌరవించిరి. 1940 జనవరి 22వ తేదీన చెన్నపట్టణమున పంతులుగారు దివంగతులైరి. సవరభాషా కృషిని కుమారులు సీతాపతిగారు కొనసాగించిరి.