కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును హైదరాబాదు భాషానిలయమును

పుస్తకములను కూర్చుట వేఱు, వానిచుట్టును జనులను కూర్చుట వేఱు. మొదటిది ధనముగలవాడెవ్వడైనను చేయగలడు. రెండవదానికి ధనముతోబాటు భాషాభిమానమును, ఓర్పును, లోకజ్ఞానమును కావలయును. ఈ రెండుపనులను తన యల్పాయుష్యమునందే తలకెత్తుకొన్న మహాశయుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. వారిని విజ్ఞానసర్వస్వ నిర్మాతగా ఆంధ్రలోకము స్మరించుచునే యున్నది. కాని ఆ మహాకార్యమునకు బీజము హైదరాబాదు నగరమున ఒక చిన్న పుస్తకశాలలో పడిన సంగతి పలువురు మఱచిరి.

లక్ష్మణరావుగారు 1877 సంవత్సరము మే 18వ తేదిని కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. తెలంగాణమందలి భువనగిరిలో కొంతకాలము చదివి, పిమ్మట నాగపురమున నున్న అక్కగారు బండారు అచ్చమాంబగారి యింట పెరిగిరి. అబలాసచ్చరిత్రరత్నమాలను రచించిన విదుషీమణి యామెయే. తమ్ముడు అక్కకు చదువు నేర్పెను, అక్క తమ్మునికి అన్నము పెట్టి ఆదరించెను. ఆ యిల్లే ఆయనకు మొదటి పుస్తకశాల యనవచ్చును. నాగపురమున ఆయన మహారాష్ట్రభాషను తనభాషవలె నేర్చెను. ఆ భాషలో చరిత్రకారులు చేయుచున్న కృషిని చూచినకొలది, మన తెలుగున ఇట్టిది లేదుగదా యను పరితాపము ఆయనకు అధికమయ్యెను. పట్టభద్రుడైన వెనుక మునగాల సంస్థానాధిపతి నాయని వేంకటరంగారావుగారి దివానుపదవి నంగీకరించి, ఆ రాజుగారి ఔదార్యమును భాషాసేవకు మరల్చెను.

ఆనాటి హైదరాబాదు స్థితి యెట్టిది? రాజ్యమున ఇంచుమించు సగముమంది తెలుగువారు. అయినను కచేరీలోను, న్యాయస్థానములోను ఉర్దూయే రాజభాష. ఇంట తెలుగు, బజారున ఉర్దూ, కొలువున పారసీపదముల భారము, ఇది పట్టణవాసి యగు తెలుగువాని దినచర్య. చార్మినారునకు దక్షిణమున శాలిబండలో 1895నాటికే భరతగుణవర్ధకసంస్థ వెలసియుండెను. ప్రభుత్వపు ఆసఫియా గ్రంథాలయమున అరబ్బీ, పారసీ గ్రంథముల నిధి యుండెను. తెలుగువాడు మాత్రము తనభాషలో చదువుకొనుటకు, తనవారితో కలిసి కూర్చుండుటకు ఒక చావడియైనను లేక యుండెను.

ఆ కొఱత తీర్చుటకు 1901 సంవత్సరము సెప్టెంబరు 1వ తేదిని రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. తెలంగాణమున తొలి తెలుగు గ్రంథాలయమని దీనికి ప్రతీతి. మునగాలరాజుగారు, రంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు, లక్ష్మణరావుగారు మున్నగువారు దీనికి మూలపురుషులు. సంస్థానాధిపతి యొకడు, సంపన్నగృహస్థు డొకడు, కవి యొకడు, పండితుడు డొకడు. వీరందఱును ఒకే చాపపై కూర్చుండుటకు పుస్తకము కారణమయ్యెను. నిలయమునకు పెట్టిన పేరును గమనింపుడు. తెలుగున కావ్యము వ్రాసిన చక్రవర్తి పేరది. 1904లో హనుమకొండలో వెలసిన నిలయమునకు నన్నయభట్టును పోషించిన రాజరాజనరేంద్రుని పేరు పెట్టిరి. ఈ భాషకును సింహాసనగౌరవ ముండెనని ఆ ఫలకములే దారిన పోవువారికి బోధించెను.

అయితే ఇందు పరభాషాద్వేషమున కించుకయు తావులేదు. లక్ష్మణరావుగారు పెక్కు భాషల నెఱిగినవారు. శివాజీచరిత్రమును వ్రాసిన చేతితోనే మహమ్మదీయ మహాయుగమును వ్రాసిరి. తనయిల్లు చక్కదిద్దుకొనువాడు పొరుగింటికి పగవాడు కాడు.

పుస్తకశాల వెలసినవెంటనే మఱియొక లోపము బయటపడెను. అలమారులలో నింపుటకు ఏ పుస్తకములు గలవు? కావ్యములు గలవు, పురాణములు గలవు, శతకములు గలవు. దేశచరిత్ర యడిగినవానికి, జీవశాస్త్రము గోరినవానికి ఈయదగినది తెలుగున బహుస్వల్పము. ఇతరులైనచో నిట్టూర్చి యూరకుందురు. లక్ష్మణరావుగారు 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర ఆ గ్రంథమాలకు తొలిపుష్పము. పిదప చరిత్రలు, శాస్త్రములు, నవలలు వరుసగా వెలువడెను. పాఠకుని కొఱతయే ప్రచురణకర్తకు ఆజ్ఞ యయ్యెను. ఆ హరిసర్వోత్తమరావుగారే తరువాత ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు నాయకులగుట మనము మఱవరాదు.

మండలి 1908లో చెన్నపురికి తరలెను. లక్ష్మణరావుగారును అచ్చటనే ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు తమ శక్తినంతయు ధారపోసిరి. మూడు సంపుటములు వెలువడునప్పటికి అకారాదిపదములైనను పూర్తికాలేదు. 1923 జూలై 12వ తేదిని నలువదియాఱేండ్ల ప్రాయమున వారు పరమపదించిరి.

ఇచ్చట మనము ముఖ్యముగ గ్రహింపవలసిన విషయ మొకటి గలదు. స్థాపకుడు చెన్నపురికి వెడలినను భాషానిలయము మూతపడలేదు. 1910లో రంగారావుగారు కీర్తిశేషులైనను మూతపడలేదు. వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు విరాళమిచ్చి నిలయపు సొంతగృహమునకు తోడ్పడిరి. మాడపాటి హనుమంతరావుగారివంటి వారు దాని భారమును చిరకాలము వహించిరి. స్థాపకుని వెనుకను బ్రదుకునదే సంస్థ, తక్కినది ఒకని ముచ్చట మాత్రమే.

దాని ఫలమును దేశము చూచినది. 1921 నవంబరులో ఈ నగరమునందలి యొక మహాసభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్తకు అవమానము జరుగగా, ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టెను. గ్రంథాలయములను నెలకొల్పుట ఆ సంఘపు ఆశయములలో నొకటి. 1929లో గష్తీ 53 వచ్చి, అనుమతిలేనిదే సభ జరుపరాదని శాసించిన దినములలో పుస్తకశాల విలువ యెట్టిదో జనులకు మఱింత తెలిసివచ్చెను. సభామందిరము లేనివారికి పఠనమందిరమే కూడలి యయ్యెను. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ సమావేశమగునాటికి, దానికి వలసిన పాఠకులను, కార్యకర్తలను ఈ నిలయములే సిద్ధపఱచియుండెను.

నేడు ఉత్తరువుల భయము లేదు. 1960 సంవత్సరపు శాసనముచే గ్రంథాలయపన్నును ఏర్పఱచిరి. గృహస్థుడు ఇంటిపన్నుతోబాటు దానిని చెల్లించి, తన ధర్మము తీఱినదని తలచుచున్నాడు. పన్ను గోడలను నిలుపగలదుగాని కుర్చీలను నింపజాలదు. ఊరిలో భూమిగల పెద్దలు, పట్టణములలో వర్తకులు, న్యాయవాదులు నెలకొక్కమాఱైన తమ గ్రంథాలయపు గడప త్రొక్కిరేని, అచ్చట ఏ పుస్తకము లేదో, ఏ దీపము వెలుగుటలేదో వారికే తెలియును. బిడ్డలను వెంటగొనిపోయిరేని మఱుతరమునకును అలవాటగును. లేనిదానిని చూచి నిట్టూర్చక, దానిని పుట్టించుటకు పూనుకొనుటయే లక్ష్మణరావుగారి జీవితము. వారి చిత్రపటమునకు ఏటేట పూలమాల వేయుటకంటె, వారు తెఱచిన తలుపును మూతపడకుండ కాపాడుట మనకు కర్తవ్యము.