గణకయంత్రమునకు నెలవు కూర్చిన మహలనోబిస్

విత్తనము ఎంత మేలైనదైనను పొలమును దున్ని పదును చేయనిదే పంట పండదు. క్రొత్త యంత్రములకును ఇదే ధర్మము. ధనమున్నచో యంత్రమును దూరదేశము నుండి కొని తెచ్చుకొనవచ్చును. కాని దానికి తగిన చోటును, తగిన మనుష్యులను సిద్ధము చేయుటకు ఏండ్ల తరబడి ఓర్పు కావలెను. అట్టి ఓర్పుతో మన దేశమునకు మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరును తెప్పించిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 వ సంవత్సరము జూన్ 29 వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి 1912 లో పట్టమును పొంది, మరుసటి సంవత్సరము ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరెను. గణితమేధావియైన శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు అచ్చటనే స్నేహము కుదిరెను. 1915 లో చదువు ముగించి స్వదేశమునకు బయలుదేరబోవు సమయమున, ప్రపంచయుద్ధము వలన ఓడ ప్రయాణము కొంత ఆలస్యమయ్యెను. ఆ విరామములో ఒక అధ్యాపకుడు ఆయనకు గణాంకశాస్త్రమునకు సంబంధించిన బయోమెట్రికా అను పత్రిక సంపుటములను చూపెను. మహలనోబిస్ వానినన్నిటిని కొని, ఓడలో కూర్చుండి చదువసాగెను. భౌతికశాస్త్ర పండితుడు కావలసిన యువకుడు ఆ ప్రయాణముతో అంకెల శాస్త్రమునకు అంకితుడయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడై, అచ్చటి ఒక గదిలోనే ఆయన గణాంక పరిశోధనమును ఆరంభించెను. 1926 లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి గొప్ప వరద వచ్చెను. నది అడుగుభాగము మెరక వేసినదనియు, అందువలన గట్లను ఇంకను ఎత్తు చేయవలెననియు కొందరు నిపుణులు తలంచిరి. మహలనోబిస్ సుమారు అరువదేండ్ల వర్షపాతపు లెక్కలను, వరదల లెక్కలను పరిశీలించి, నది అడుగు మెరక వేయలేదని నిరూపించెను. గట్లకై కాగల వృథా వ్యయము ఆ విధముగా తప్పెను. లెక్క సరియైనదైనచో ప్రజల ధనము నిలుచునని, లెక్క తప్పినచో నీటిపాలగునని దీనివలన స్పష్టమయ్యెను.

1931 డిసెంబరు 17 వ తేదీన ఆయన భారతీయ గణాంక సంస్థను స్థాపించెను. తొలి సంవత్సరమున ఆ సంస్థ వ్యయము కేవలము 238 రూపాయలు. దానికి ఉండిన ఉద్యోగి ఒక్కడే. అతడును పూర్తికాలము పనిచేయువాడు గాడు. అతని ఉద్యోగము పేరు కంప్యూటరు! ఆ దినములలో కంప్యూటరు అనగా లెక్కలు కట్టు మనుష్యుడేగాని యంత్రము గాదు.

సంస్థ క్రమక్రమముగా వృద్ధి పొందెను. 1933 లో సాంఖ్య అను పత్రిక వెలువడెను. 1937 మొదలు బెంగాలులో జనపనార పంటను మాదిరి పద్ధతిపై అంచనా వేయు పని సాగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన తెలుగువాడు, తరువాత లోకప్రఖ్యాతుడైన సి. ఆర్. రావు, 1941 లో ఈ సంస్థలో చేరెను. 1950 లో జాతీయ మాదిరి సర్వే ఆరంభమయ్యెను. మొదటి విడతలోనే 1,833 గ్రామముల నుండి కుటుంబముల రాబడి, వ్యయము మొదలగు వివరములు వచ్చి పడెను. వానిని కూడి, భాగించి, పట్టికలు వేయుటకు ఎందరో మనుష్యులు చేతి యంత్రముల ముందు కూర్చుండి పనిచేయవలసి వచ్చెను. లెక్క తేలునప్పటికి కాలము గడచిపోవుచుండెను. నిరుటి ఆకలిని మరుసటి యేట తెలిసికొన్నచో ప్రయోజనమేమి? కావున మనుష్యుని చేతికన్న వేగముగా లెక్కించు యంత్రము కావలసియుండెను.

మహలనోబిస్ యంత్రముకన్న ముందు మనుష్యులను సిద్ధపరచెను. 1950 లో సంస్థలో ఎలక్ట్రానిక్ ప్రయోగశాల నెలకొనెను. అందు సమరేంద్రకుమార్ మిత్రా మొదలగువారు 1953 లో, పది అవ్యక్తరాశులు గల సమీకరణములను సాధించు అనలాగ్ గణకయంత్రమును స్వయముగా నిర్మించిరి. పిమ్మట హెచ్.ఇ.సి. 2 ఎం. అను బ్రిటిష్ యంత్రమును సుమారు రెండు లక్షల రూపాయలకు కొనుటకు ఏర్పాటయ్యెను. దాని పోకడ తెలిసికొనుటకై ఇద్దరు యువ ఇంజనీర్లు ముందుగానే ఇంగ్లండునకు వెళ్లిరి.

ఇక చోటు సంగతి. ఇప్పటి కంప్యూటరు చేతిసంచిలో ఇమిడిపోవును. నాటి యంత్రము సుమారు పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు గలది. అందలి గాజు వాల్వులు ఎడతెగక వేడిని వెడలగ్రక్కును. వాల్వు వేడెక్కి చెడినచో యంత్రము ఆగిపోవును. లేదా అంతకన్న ప్రమాదకరముగా తప్పు జవాబు నిచ్చును. కలకత్తా ఎండయు, గంగాతీరపు తేమయు యంత్రమునకు శత్రువులే. తేమ తగిలిన అట్ట కార్డులు ఉబ్బి యంత్రములో ఇరుకుకొనును. అంకెలను దాచు అయస్కాంతపు డ్రమ్ముపై ధూళి పడరాదు. విద్యుచ్ఛక్తి ఒకసారి హెచ్చి, ఒకసారి తగ్గినచో లెక్క చెడును. అందువలన అట్టి యంత్రమునకు గాలిని చల్లబరచి ఆరబెట్టు సాధనములు, ధూళి చొరని గది, బరువును మోయు నేల, నిలకడయైన విద్యుత్తు కావలెను. మరమ్మతు చేయువాడు నలువైపుల తిరుగుటకు ఖాళీ చోటును విడువవలెను. ఏనుగును కొనినవాడు అంకుశమునకు వెనుకాడరాదు గదా! యంత్రమునకు లక్షలు పోసి, గదికి వెనుకాడినచో ఆ లక్షలు వ్యర్థమగును.

1955 లో ఆ యంత్రము రెండు పెద్ద పెట్టెలలోను, మరికొన్ని చిన్న పెట్టెలలోను కలకత్తా సమీపముననున్న బరానగరమునకు చేరెను. దానిని నడుపు విధమును తెలుపు గ్రంథము వెంట రాలేదు. కొన్ని విద్యుద్వలయముల చిత్రపటములు మాత్రమే వచ్చెను. ఇంగ్లండులో శిక్షణ పొందిన యువకుల నేర్పు అప్పుడు అక్కరకు వచ్చెను. సుమారు రెండు నెలలు శ్రమించి వారు యంత్రమును నిలిపి నడిపిరి. భారతదేశమున పనిచేసిన తొలి డిజిటల్ కంప్యూటరు అదియే. దాని డ్రమ్ములో పట్టునవి 1,024 పదములు మాత్రమే. నేటి దృష్టికి అది అత్యల్పము. నాడు అది అద్భుతము.

కోట్లకొలది చేతులకు పని దొరకని పేద దేశమునకు ఇంత ఖరీదైన యంత్రమేల యను సందేహము ఎవరికైనను కలుగవచ్చును. ఆ కాలముననే మహలనోబిస్ రెండవ పంచవర్ష ప్రణాళికకు రూపురేఖలు దిద్దుచుండెను. ఎన్ని కర్మాగారములు కావలెనో, ఎందరికి పని లభించునో లెక్కించుటకే యంత్రమును వినియోగింపవలెనని ఆయన ఆశయము.

1958 చివర ఐక్యరాజ్యసమితి సహాయముతో సోవియట్ దేశము నుండి యురాల్ అను రెండవ యంత్రము వచ్చెను. దానిని నెలకొల్పుటకు సోవియట్ ఇంజనీర్లును వచ్చిరి. దేశమందలి ఇతర సంస్థలవారును తమ లెక్కలను బరానగరమునకు తెచ్చుకొనిరి. పరదేశపు యంత్రములను కాపాడుచు నేర్చిన విద్య వ్యర్థము కాలేదు. 1966 నాటికి ఆ సంస్థయు, జాదవపూర్ విశ్వవిద్యాలయమును కలిసి ట్రాన్సిస్టర్లతో పనిచేయు కంప్యూటరును ఇచ్చటనే నిర్మించెను. ఇతరుల యంత్రమునకు గదిని సిద్ధపరచిన చోటనే స్వదేశపు యంత్రము పుట్టెను!

మహలనోబిస్ 1945 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1968 లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదము నొసగెను. 1972 జూన్ 28 వ తేదీన, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఒక్కదినము ముందు, ఆయన పరమపదించెను. 2007 మొదలు ఆయన జన్మదినము దేశమందు గణాంక దినముగా జరుపబడుచున్నది.

ఏ పనికైనను ముందుగా చేయు సన్నాహము లోకుల కంట పడదు. యంత్రమును చూచి మెచ్చువారు గదిని చూడరు. గదిని చూచినవారును దాని వెనుకనున్న శిక్షణను చూడరు. ఎవరును చూడని ఆ పనిని శ్రద్ధతో చేయుట మహలనోబిస్ జీవితము నుండి విద్యార్థులు గ్రహింపదగిన గుణము.