పగిలిపోయే గోడ కట్టినవాడు: జాన్ ఫిచ్

మొమెంటం కన్సర్వేషన్ సూత్రం ఇంటర్‌లో బట్టీ పట్టాం. బీటెక్ ఫస్టియర్‌లో మళ్లీ రాశాం. రెండు మార్కులొచ్చాయి, మర్చిపోయాం. అదే సూత్రాన్ని ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఇసుక పోసి రోడ్డు పక్కన నిలబెట్టిన మనిషి ఒకడున్నాడు. అతను ప్రొఫెసర్ కాదు, రేసు కారు డ్రైవరు. అంతకు ముందు యుద్ధ విమానం పైలట్. పేరు జాన్ కూపర్ ఫిచ్.

అమెరికా హైవేల వీడియోలు చూసేవాళ్లకి ఆ డ్రమ్ములు గుర్తుండే ఉంటాయి. ఎగ్జిట్ దారి చీలే చోట, వంతెన స్తంభం ముందు, పసుపు రంగు డ్రమ్ములు బారులు తీరి కనిపిస్తాయి. చూడ్డానికి చెత్త డబ్బాల్లా ఉంటాయి. వాటిని ఫిచ్ బ్యారియర్లు అంటారు. వాటి వెనక ఒక యుద్ధం ఉంది, ఎనభై మందికి పైగా చనిపోయిన ఒక సాయంత్రం ఉంది.

ఫిచ్ 1917 ఆగస్టు 4న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. కార్ల రేసులకు పేరుమోసిన ఊరు అది. సవతి తండ్రి స్టట్జ్ కార్ల కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. కాబట్టి ఇంజన్ చప్పుడు చిన్నప్పటి నుంచే అలవాటు. పెద్దయ్యాక లీహై యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. అంటే మన సివిల్ బ్రాంచి వాళ్లకి ఒకరకంగా సీనియర్ అన్నమాట! కానీ మనసు కాలేజీలో నిలవలేదు. 1939లో యూరప్ వెళ్లి, ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో యుద్ధానికి ముందు జరిగిన ఆఖరి రేసు చూశాడు. అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

1941లో అమెరికా సైన్యపు వైమానిక దళంలో చేరాడు. మొదట ఉత్తర ఆఫ్రికాలో ఏ-20 బాంబర్ నడిపాడు. ఎడారి క్యాంపుల్లో శత్రు విమానాలు కిందికి దిగి గుడారాల మీద తూటాలు కురిపించి పోయేవి. అక్కడ దొరికేది ఏముంది? ఇసుక, ఖాళీ పెట్రోలు డబ్బాలు. ఆ డబ్బాల్లో ఇసుక నింపి గుడారం చుట్టూ పేర్చుకునేవాడు. తూటా ఇసుకలో దిగి అక్కడే ఆగిపోయేది. అప్పటికి అది ప్రాణం కాపాడుకునే ఉపాయం, అంతే. కానీ ఆ సంగతి అతని బుర్రలో పాతికేళ్ల దాకా ఉండిపోయింది.

తర్వాత పి-51 మస్టాంగ్ ఫైటర్‌కి మారాడు. అప్పట్లో ఆకాశంలో చాలా వేగంగా ఎగిరే జర్మన్ జెట్ మెసర్‌ష్మిట్ 262ని కూల్చిన కొద్దిమంది పైలట్లలో అతనొకడు. యుద్ధం ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా ఒక జర్మన్ రైలు మీద దాడికి దిగాడు. ఒకసారి, రెండోసారి బాగానే అయింది. మూడోసారి వెళ్లినప్పుడు కింది నుంచి కాల్పులు తగిలి విమానం కూలింది. మిగతా యుద్ధమంతా జర్మన్ల దగ్గర ఖైదీగా గడిచింది.

విడుదలై ఇంటికొచ్చాక రేసుల్లోకి దిగాడు. 1951లో అర్జెంటీనాలో పెద్ద రేసు గెలిచాడు. 1953లో ఫిల్ వాల్టర్స్‌తో కలిసి కన్నింగ్‌హామ్ కారులో సెబ్రింగ్ పన్నెండు గంటల రేసు గెలిచాడు. ఆ ఏడాదే ఫ్రాన్సులోని రీమ్స్‌లో అతని కారు మంచి వేగంలో ఉండగా పట్టుతప్పి గాల్లోకి లేచి పల్టీలు కొట్టింది. కారు తుక్కయింది, అతను బయటపడ్డాడు. 1955 వచ్చేసరికి మెర్సిడెస్ జట్టు అతన్ని తీసుకుంది. ఆ మేలో ఇటలీలో జరిగిన మిల్లే మిలియాలో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ నడిపి తన క్లాసులో మొదటివాడిగా వచ్చాడు. కెరీర్‌లో అదే మంచి ఊపు మీదున్న సమయం.

మరుసటి నెలే లె మాన్స్.

లె మాన్స్ ఇరవై నాలుగు గంటల రేసు. ఒక్కో కారుకి ఇద్దరు డ్రైవర్లు, వంతులవారీగా నడుపుతారు. ఫిచ్‌కి జోడీ పియరీ లెవె అనే ఫ్రెంచ్ డ్రైవరు. 1955 జూన్ 11 సాయంత్రం నాలుగింటికి రేసు మొదలైంది. మొదటి వంతు లెవెది. ఆరున్నర కావస్తుండగా ఫిచ్ హెల్మెట్ సిద్ధం చేసుకుని తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన లెవె భార్య నిలబడి ఉంది.

ఆ రోజుల్లో పిట్‌కి, ట్రాక్‌కి మధ్య గోడ ఉండేది కాదు. దారి కూడా ఇరుకు. ముందున్న జాగ్వార్ పిట్‌లోకి వెళ్లడానికి బ్రేక్ వేసింది. దాని వెనకున్న చిన్న ఆస్టిన్ హీలీ తప్పించుకోబోయి ఎడమకి జరిగింది. అంతకన్నా చాలా ఎక్కువ వేగంతో వస్తున్న లెవె కారుకి అది అడ్డం వచ్చింది. హీలీ వెనక భాగం వాలుగా ఉంటుంది. మెర్సిడెస్ దాని మీదికెక్కి గాల్లోకి లేచింది. ప్రేక్షకులకీ ట్రాక్‌కీ మధ్య ఉన్నది ఒక మట్టి కట్ట మాత్రమే. కారు ఆ కట్టకి కొట్టుకుని ఒక్కసారిగా ఆగింది. కారు ఆగింది గానీ ఇంజను, బానెట్, ముందు యాక్సిల్ ఆగలేదు. అవి ఊడి అదే వేగంతో జనంలోకి దూసుకుపోయాయి. మెగ్నీషియం కలిపిన బాడీ భగ్గున మండింది. లెవె అక్కడికక్కడే చనిపోయాడు. ప్రేక్షకుల్లో ఎనభై మందికి పైగా పోయారు. ఫిచ్ ఇదంతా నిలబడ్డ చోటి నుంచే చూశాడు. ఇంకో కొద్ది నిమిషాలైతే ఆ సీట్లో ఉండాల్సింది తనే.

నిర్వాహకులు రేసు ఆపలేదు. జనమంతా ఒక్కసారి రోడ్ల మీదికొస్తే అంబులెన్సులకి దారి ఉండదన్నది వాళ్లు చెప్పిన కారణం. మెర్సిడెస్ కార్లు పరుగెడుతూనే ఉన్నాయి. పైగా ఫాంజియో, మాస్‌ల కారు అందరికన్నా ముందుంది. ఆ పరిస్థితిలో జట్టు తప్పుకోవాలని పట్టుబట్టినవాళ్లలో ఫిచ్ ముఖ్యుడు. యుద్ధం ముగిసి పదేళ్లే అయింది. ఫ్రెంచ్ గడ్డ మీద ఇంతమంది చచ్చిన రోజున ఒక జర్మన్ కంపెనీ గెలుపు కోసం పరుగులు తీస్తుంటే లోకం ఎలా చూస్తుందో అతనికి తెలుసు. కంపెనీ పెద్దలు ఒప్పుకునేసరికి అర్ధరాత్రయింది. రెండు గంటలు కావస్తుండగా మెర్సిడెస్ కార్లని చడీచప్పుడు లేకుండా వెనక్కి పిలిచారు. ఆ ఏడాది చివర్లో కంపెనీ రేసుల నుంచే తప్పుకుంది.

ఇక్కడితో ఫిచ్ రేసులు మానేశాడని రాస్తే కథ బాగుండేది. కానీ మానలేదు. అదే సెప్టెంబరులో స్టర్లింగ్ మాస్‌తో కలిసి టూరిస్ట్ ట్రోఫీ గెలిచాడు. తర్వాత షెవ్రొలె వాళ్ల కార్వెట్ రేసు జట్టు నడిపాడు. 1966 దాకా స్టీరింగ్ వదల్లేదు. వేగం మీద అతనికి కోపం రాలేదు. ఆగే పద్ధతి మీద ధ్యాస పడింది. 1957లో కనెటికట్ రాష్ట్రంలో లైమ్ రాక్ పార్క్ అనే రేస్ ట్రాక్ తెరిచినప్పుడు దాని రూపకల్పనలోనూ, నిర్వహణలోనూ అతను ఉన్నాడు. హైవే భద్రత మీద పరిశోధన చేస్తున్న కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబ్ వాళ్ల సాయం కూడా ఆ ట్రాక్‌కి తీసుకున్నారు.

ఈలోగా అమెరికా అంతటా ఇంటర్‌స్టేట్ హైవేలు వేస్తున్నారు. 1956లో మొదలైన పని అది. మామూలు మనుషులు రేసు డ్రైవర్ల వేగంతో పోవడం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన మాత్రం కాంక్రీటు స్తంభాలు, ఇనుప గార్డ్ రైళ్లు. గార్డ్ రైల్ మంచిదే. కారు పక్కవాటుగా తగిలితే జారుకుంటూ మళ్లీ దారిలోకి వస్తుంది. కానీ రైల్ మొదలయ్యే కొస ఉంటుంది చూడండి, దానికి ఎదురుగా గుద్దితే అది బల్లెంలా లోపలికి దిగుతుంది. స్తంభాన్ని గుద్దితే ఇక చెప్పేదేముంది.

లెక్క వేసి చూద్దాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో కారు స్తంభానికి కొట్టుకుంది. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగింది. సగటున 65 జి దాకా వస్తుంది. అంటే మన బరువుకి 65 రెట్ల బలం. అదే కారు 6 మీటర్ల దూరంలో ఆగితే 6, 7 జి దగ్గర సరిపెట్టుకుంటుంది. బెల్టు పెట్టుకున్న మనిషి దాన్ని తట్టుకుంటాడు. వేగం అదే, కారు అదే. మారింది ఆగడానికి ఇచ్చిన చోటు ఒక్కటే.

ఆ చోటు ఎలా ఇవ్వాలన్నదే ఫిచ్ ముందున్న ప్రశ్న. అప్పుడు ఎడారిలోని ఇసుక డబ్బాలు గుర్తొచ్చాయి. కొత్త మెటీరియల్ ఏమీ అక్కర్లేదు. పగిలిపోయే ప్లాస్టిక్ డ్రమ్ములు, లోపల ఇసుక. కిటుకంతా ఎంత ఇసుక పోస్తామన్న దాంట్లో ఉంది. అన్నింట్లో ఒకేలా నింపితే మొదటి డ్రమ్మే గోడైపోతుంది. అందుకని ముందు వరసలో తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. ఇప్పుడు వాడే డ్రమ్ముల్లో ఇసుక సుమారు 90, 180, 320, 640, 960 కిలోలు ఉంటుంది.

టన్ను బరువున్న కారు 100 మీద వస్తోందనుకోండి. మొదటి 90 కిలోల డ్రమ్ముని గుద్ది ఆ ఇసుకని తనతోపాటు తోసుకుపోతే వేగం 92కి దిగుతుంది. ఇంకో 90కి 84. తర్వాత 180కి 71. 320కి 54. 640కి 33. ఆఖరి 960కి 17. మిగిలినదాన్ని కింద పడ్డ ఇసుకే పట్టేస్తుంది. ఎక్కడా పెద్ద దెబ్బ లేదు, మెట్లు దిగినట్టు వేగం దిగింది. ఇంతసేపూ మనం వాడింది ఆ ఇంటర్ సూత్రమే. నమ్మకం లేకపోతే క్యాలిక్యులేటర్ తీయండి.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. తక్కువ ఇసుక పోస్తే అది డ్రమ్ము అడుగుకి చేరుతుంది. అప్పుడు కారు దాని మీదికెక్కి లేచే ప్రమాదం ఉంది. లె మాన్స్‌లో లెవె కారు లేచింది అలా ఒక వాలు ఎక్కే కదా. అందుకే తేలిక డ్రమ్ముల్లో అడుగున బోలుగా ఒక దిమ్మ పెట్టి, ఇసుక కారు సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎత్తులో ఉండేలా చూస్తారు. చలి దేశాల్లో తడి ఇసుక గడ్డకడితే రాయైపోతుంది కాబట్టి ఉప్పు కలుపుతారు.

1960ల్లో ఫిచ్ ఈ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు చాలాసార్లు కారులో కూర్చుని గుద్దింది అతనే. తన లెక్క తప్పితే ముందు తగిలేది తనకే. దశాబ్దం చివరికల్లా బ్యారియర్లు రోడ్ల మీదికొచ్చాయి. ఈ దారిలో నడిచింది అతనొక్కడే కాదు. అదే కాలంలో టెక్సస్ పరిశోధకులు ఖాళీ ఇనుప డ్రమ్ములతో ఇలాంటిదే చేశారు. కానీ ఇసుక డ్రమ్ము చౌక. ఎవరైనా ఒక పూటలో అమర్చేయొచ్చు. అందుకే అది అమెరికా అంతా పాకింది. దానివల్ల వేల ప్రాణాలు నిలిచాయని అంచనా. 1998లో అమెరికా ట్రాన్స్‌పోర్టేషన్ రిసెర్చ్ బోర్డు రోడ్డు పక్క భద్రతకిచ్చే కెనెత్ స్టోనెక్స్ అవార్డు అతనికిచ్చింది.

చివరిదాకా ఆ పిచ్చి పోలేదు. రేస్ ట్రాకుల కోసం గుద్దితే వెనక్కి జరిగే గార్డ్ రైల్ తయారుచేశాడు. తొంభైకి దగ్గరపడ్డాక కూడా బాన్‌విల్ ఉప్పు మైదానంలో పాత మెర్సిడెస్ 300 ఎస్ఎల్ తీసుకుని రికార్డు కొట్టబోయాడు. ఇంజను మొరాయించింది, రికార్డు రాలేదు. 2012 అక్టోబరు 31న, 95 ఏళ్ల వయసులో, లైమ్ రాక్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు.

మనం ప్రమాదం జరిగితే ముందు అడిగేది తప్పెవరిదని. లె మాన్స్ విషయంలోనూ జాగ్వార్ డ్రైవర్‌దా, హీలీ డ్రైవర్‌దా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఫిచ్ డిజైన్‌లో ఆ ప్రశ్నే లేదు. కునుకు తీసినవాడు గుద్దినా, టైరు పేలినవాడు గుద్దినా డ్రమ్ము ఒకేలా పగులుతుంది. తప్పు చేసినవాడు కూడా బతికి ఇంటికెళ్లాలన్నది దాని లెక్క.

అయితే ఆ లెక్క కారు బరువుకి వేసింది. మన రోడ్ల మీద ఎక్కువమంది తిరిగేది బండి మీద. టూ వీలర్ మీంచి ఎగిరిపడ్డవాడికి ఇసుక డ్రమ్మయినా, గార్డ్ రైల్ స్తంభమైనా గట్టిగానే తగులుతుంది. ఆ మనిషి ఆగడానికి చోటు ఎలా ఇవ్వాలి? ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని క్యాంటీన్లో తల పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇదిగో టాపిక్. ఈసారి సెలవులకి ఊరెళ్లేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని ఫ్లైఓవర్ చీలే ప్రతిచోటా ఏం పెట్టారో చూస్తూ వెళ్లండి. ఏమీ పెట్టని చోట్లు కూడా లెక్కపెట్టండి.