ప్రఫుల్ల చంద్ర రాయ్

ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ (ఆగష్టు 2, 1861 - జూన్ 16, 1944) సుప్రసిద్ధ భారతీయ రసాయన శాస్త్రవేత్త, అధ్యాపకుడు, పారిశ్రామికవేత్త, సంఘసేవకుడు. మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరస లవణంపై పరిశోధనల ద్వారా, బెంగాల్ కెమికల్స్ సంస్థాపకుడుగా ఈయన పేరు దేశమంతటా తెలిసింది. 1922లో ఉత్తర బెంగాల్‌ను ముంచెత్తిన వరదల సమయంలో ఈయన నాయకత్వంలో పనిచేసిన బెంగాల్ రిలీఫ్ కమిటీ, ఒక పరిశ్రమ నిర్వహణానుభవం, ఒక విద్యాసంస్థ వసతి, స్వచ్ఛంద సేవకుల శ్రమ కలిసి ప్రజలను ఆదుకున్న తొలి ఉదాహరణలలో ఒకటి.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రఫుల్ల చంద్ర అప్పటి జెస్సోర్ జిల్లాలోని రారులి గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో ఉంది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ విద్యాభిరుచి గల జమీందారు. 1870లో కుటుంబం కలకత్తాకు మారగా ప్రఫుల్ల చంద్ర హేర్ స్కూలులో చేరాడు. కొన్నేళ్ళకు తీవ్రమైన జిగట విరేచనాల వ్యాధి సోకి చదువు ఆగిపోయింది. ఆ వ్యాధి దుర్బలత జీవితాంతం వెంటాడింది. మితాహారం, నియమబద్ధమైన దినచర్య అప్పుడే అలవడ్డాయి.

1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థి వేతనం పొంది స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ 1887లో డి.ఎస్‌సి. పట్టం పొంది, మరుసటి సంవత్సరం స్వదేశానికి తిరిగి వచ్చాడు. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన శాస్త్ర అధ్యాపకుడుగా చేరాడు.

శాస్త్ర పరిశోధన

1896లో మెర్క్యురస్ నైట్రైట్‌పై ఈయన ప్రకటించిన పరిశోధన అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది. ప్రాచీన భారతీయ రసాయన విద్యపై రెండు సంపుటాల చరిత్ర రచించాడు. మొదటి సంపుటం 1902లో వెలువడింది. నాగార్జునుని పేర ప్రచారంలో ఉన్న రసరత్నాకరం వంటి గ్రంథాలను ఇందులో పరిశీలించాడు. 1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి విరమించి, కలకత్తా విశ్వవిద్యాలయపు యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడుగా చేరాడు. 1924లో స్థాపితమైన ఇండియన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడు ఈయనే.

బెంగాల్ కెమికల్స్ స్థాపన

చదువుకున్న యువకులు గుమాస్తా ఉద్యోగాలకై ఎదురుచూడడం ప్రఫుల్ల చంద్రను బాధించింది. 1892లో సుమారు 700 రూపాయల స్వల్ప మూలధనంతో, కలకత్తాలోని 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డు ఇంటిలో మందుల తయారీ ప్రారంభించాడు. ఫాస్ఫేటు లవణాల కోసం ఇంటి డాబాపై ఎముకలు ఎండబెట్టగా ఇరుగుపొరుగువారు అభ్యంతరం చెప్పారు. విదేశీ పద్ధతి మందులతో పాటు నేలవేము, అడ్డసరం, కొడిశపాల, వాము వంటి దేశీయ ఔషధ ద్రవ్యాలతోను మందులు తయారుచేసి వైద్యులకు పరిచయం చేసారు. సహచరుడైన డాక్టర్ అమూల్య చరణ్ బోస్ 1898లో ప్లేగు వ్యాధితో మరణించడం పెద్ద దెబ్బ అయినా పని ఆగలేదు. 1901లో ఇది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ అనే లిమిటెడ్ కంపెనీగా మారింది. 1905లో మానిక్‌తలాలో, 1920లో పాణిహాటిలో కర్మాగారాలు వెలిసాయి.

ముడిసరుకు సేకరణ, నిల్వ, రవాణా, జమాఖర్చుల లెక్కలలో ఈ సంస్థ గడించిన అనుభవం తరువాతి కాలంలో మందుల విక్రయానికి మాత్రమే పరిమితం కాలేదు.

1922 ఉత్తర బెంగాల్ వరదలు

1921లో ఖుల్నా ప్రాంతంలో క్షామం ఏర్పడినప్పుడు ప్రఫుల్ల చంద్ర విరాళాలు సేకరించి సహాయ కార్యక్రమం నడిపాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు చివరలో కురిసిన భారీ వర్షాలకు రాజ్‌షాహి, బోగ్రా, పబ్నా జిల్లాలలో విస్తారమైన ప్రాంతం నీట మునిగింది. ఇళ్ళు, పశువులు, వరి పంట నష్టమయ్యాయి. కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ రిలీఫ్ కమిటీ బాధ్యతను ప్రఫుల్ల చంద్ర స్వీకరించాడు. అప్పటికి ఆయన వయస్సు 61 సంవత్సరాలు.

కమిటీ పనిలో మూడు అంగాలు ఉండేవి. సైన్సు కళాశాల గదులు కార్యాలయంగా, గిడ్డంగిగా మారాయి. దేశం నలుమూలల నుండి వచ్చిన నగదు, బట్టలు, ధాన్యం అక్కడ లెక్కకు చేరేవి. బెంగాల్ కెమికల్స్ కర్మాగార నిర్వహణ చూస్తున్న సతీష్ చంద్ర దాస్‌గుప్తా తన నిర్వహణా నైపుణ్యాన్ని సహాయక కార్యక్రమానికి వినియోగించాడు. వరద ప్రాంతంలో సాంతాహార్ కేంద్రంగా స్వచ్ఛంద సేవకులను నడిపినవాడు యువకుడైన సుభాష్ చంద్ర బోస్. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా కూడా ఈ సేవలో పాల్గొన్నాడు.

దాతలకు ప్రఫుల్ల చంద్ర నిరాడంబర జీవితంపై గల విశ్వాసం కమిటీకి మూలధనం వంటిది. అయితే విశ్వాసం వల్ల ధనం చేరుతుందే కాని ధాన్యం గ్రామానికి చేరదు. దానికి గిడ్డంగి, బండి, పడవ, పద్దు పుస్తకం, వాటిని నడపగల మనుషులు కావాలి. పరిశ్రమ అనుభవం ఈ లోటును పూరించింది. స్థానిక అవసరాలను తెలుసుకొని, ఎవరికి ఏది ముందుగా అందాలో నిర్ణయించే పని గ్రామాలలో తిరిగే సేవకులది.

ఉచిత సహాయం నుండి జీవనోపాధికి

వరద తగ్గిన తరువాత కూడా తదుపరి పంట చేతికి వచ్చేవరకు రైతు కుటుంబాలకు ఆదాయం లేదు. నిరంతరం ఉచితంగా బియ్యం పంచడం ప్రజల ఆత్మగౌరవానికి మంచిది కాదని ప్రఫుల్ల చంద్ర భావించాడు. ఆత్రాయి మొదలైన కేంద్రాలలో రాట్నాలు ఇచ్చి, నూలు వడికించి, నేత నేయించే ఏర్పాటు జరిగింది. మొదట రాట్నంపై అంతగా నమ్మకం లేని ఈయన ఈ కాలంలో ఖాదీకి గట్టి సమర్థకుడయ్యాడు. సతీష్ చంద్ర దాస్‌గుప్తా కొంతకాలానికి కంపెనీ ఉద్యోగం వదలి ఖాదీ ప్రతిష్ఠాన్ నెలకొల్పాడు.

రాట్నం వల్ల వచ్చే ఆదాయం స్వల్పమనే విమర్శ కూడా ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ రాట్నంపై ఉత్సాహం చూపలేదని ప్రఫుల్ల చంద్ర బహిరంగంగా ఆక్షేపించగా, 1925లో ఠాగూర్ తన భిన్నాభిప్రాయాన్ని ఒక వ్యాసంలో వివరించాడు. ఇద్దరూ 1861లోనే జన్మించినవారు. ఈ విభేదం వారి పరస్పర గౌరవానికి అడ్డు కాలేదు.

వరద కారణాలపై చర్చ

చాలినన్ని తూములు లేని రైలు కట్టలు నీటి ప్రవాహాన్ని అడ్డగించాయన్న ఆరోపణ 1922 వరదల తరువాత బలంగా వినిపించింది. సహాయం అందించడంతో పాటు విపత్తుకు కారణాలు వెదకడం కూడా శాస్త్రవేత్తల బాధ్యత అయ్యింది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1870 నుండి 1922 వరకు గల వర్షపాత, వరద వివరాలను విశ్లేషించి 1927లో నివేదిక వెలువరించాడు. మేఘనాథ్ సాహా నదుల సమస్యపై అనేక వ్యాసాలు రచించి, తరువాత దామోదర్ లోయ పథకానికి దారితీసిన ఆలోచనలలో ముఖ్యపాత్ర వహించాడు.

చివరి దశ

ప్రఫుల్ల చంద్ర అవివాహితుడు. కళాశాల భవనంలోని ఒక గదిలో విద్యార్థుల మధ్య నివసించాడు. 60 సంవత్సరాలు నిండిన 1921 నుండి 1936లో పదవీ విరమణ వరకు తన విశ్వవిద్యాలయ జీతాన్ని రసాయన శాస్త్ర విభాగాభివృద్ధికే వదిలివేసాడు. రసాయన శాస్త్ర పరిశోధనకు నాగార్జున బహుమతి ఏర్పాటుకై 1922లో 10,000 రూపాయలు ఇచ్చాడు. ఆత్మకథ మొదటి సంపుటం 1932లో వెలువడింది. 1944 జూన్ 16న ఆ గదిలోనే మరణించాడు.

గుర్తింపు

బ్రిటిష్ ప్రభుత్వం 1919లో ఈయనకు నైట్ బిరుదు ఇచ్చింది. బెంగాల్ కెమికల్స్ 1980లో జాతీయం చేయబడి ప్రభుత్వరంగ సంస్థ అయ్యింది. 2011లో బ్రిటన్‌కు చెందిన రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, రసాయన శాస్త్ర చారిత్రక స్థల గుర్తింపు ఫలకాన్ని ఈయనకు అంకితం చేసింది. ఐరోపా వెలుపల ఆ గౌరవం లభించడం అదే మొదటిసారి.