అప్పుల ర్యాంచ్‌ని నిలబెట్టిన హెన్రియెట్టా

1885 ఏప్రిల్. అమెరికాలోని టెక్సస్. భర్త పోయేనాటికి హెన్రియెట్టా కింగ్ వయసు 52. ఆమె చేతికొచ్చినవి రెండు: సుమారు 5 లక్షల ఎకరాల పశువుల ర్యాంచ్, 5 లక్షల డాలర్ల అప్పు. వానలు ముఖం చాటేస్తే గడ్డిపరక కూడా మిగలని నేల అది. ఉన్నది అమ్మేసి ఏ పట్నంలోనో హాయిగా బతకొచ్చు. ఆమె మాత్రం ర్యాంచ్‌ని వదల్లేదు.

టీచరమ్మ... మట్టి గుడిసె

హెన్రియెట్టా 1832లో మిస్సోరి రాష్ట్రంలో పుట్టింది. తండ్రి చర్చి ప్రచారకుడు. పసితనంలోనే తల్లి పోయింది. పద్నాలుగేళ్లకే హాస్టల్ చదువు. 1854లో కొన్నాళ్లు టీచర్‌గా పనిచేసింది. అదే ఏడాది డిసెంబరులో స్టీమర్ కెప్టెన్ రిచర్డ్ కింగ్‌ని పెళ్లాడింది. అంతకుముందు ఏడాదే ఆయన 15,500 ఎకరాలు 300 డాలర్లకు కొన్నాడు. కొత్త కాపురం పుల్లలు, మట్టితో కట్టిన గుడిసెలో. వంటగది ఎంత ఇరుకంటే, పెద్ద పళ్లేలు బయట గోడకు వేలాడదీయాల్సి వచ్చేది.

పని నేర్పింది వాళ్లే

అక్కడ పశువుల పని ఆనుపానులు తెలిసినవాళ్లు మెక్సికో కాపరులు. కరువుకు తట్టుకోలేక సరిహద్దు అవతలి ఒక ఊరి కుటుంబాలు సామానుతో సహా ర్యాంచ్‌కి తరలివచ్చాయి. తరతరాలుగా అక్కడే ఉండిపోయాయి. వాళ్ల ఇళ్లు, పిల్లల చదువుల బాధ్యత హెన్రియెట్టాదే.

ర్యాంచ్‌లో క్యాలెండర్ కన్నా మేతదే పెత్తనం. తుప్పల్లో చెదిరిపోయిన పశువుల్ని గుర్రాల మీద వెళ్లి పోగేయాలి. దూడల్ని పట్టి, కాల్చిన ఇనుముతో ముద్ర వేయాలి. పచ్చిక మొలిచే వసంతంలో మందల్ని ఉత్తరానికి తోలాలి. ఒక్కో మందలో రెండు వేలకు పైగా పశువులు, వెంట పదీపదిహేను మంది మనుషులు. రోజుకు 10-15 మైళ్ల చొప్పున నెలల తరబడి నడిస్తే కాన్సస్ రైల్వే స్టేషన్లు వచ్చేవి. తొందరపెట్టి తోలితే పశువులు చిక్కిపోతాయి, ధర పడిపోతుంది. ఇక ఎండలు ముదిరి గడ్డి మాడితే, దక్షిణ టెక్సస్‌లో నాగజెముడు ముళ్లు కాల్చి పశువులకు మేపేవారు.

గెలిచిన లాయర్‌కే కొలువు

అప్పు నెత్తిన ఉన్నప్పుడు హెన్రియెట్టా అన్నీ తానే చేయాలనుకోలేదు. రాబర్ట్ క్లెబర్గ్ అనే కుర్ర లాయర్‌కి నిర్వహణ అప్పగించింది. ఒకప్పుడు కోర్టులో ఆమె భర్తకు ఎదురు నిలిచి కేసు గెలిచింది ఇతనే! కోపం పెంచుకోకుండా, ఆ కెప్టెన్ అతన్నే తన లాయర్‌గా పెట్టుకున్నాడు. తర్వాత క్లెబర్గ్ వాళ్లింటి అల్లుడయ్యాడు. రోజువారీ పనులు అతనివి, యాజమాన్యం ఆమెది.

1890ల తొలి ఏళ్లలో కరువు దంచేసింది. ఇద్దరూ నీటి కోసం వెతుకులాట ఆపలేదు. 1899లో లోతుగా బోరు వేస్తే నీళ్లు వాటంతటవే పైకి ఉబికాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్ని అడ్డుకోవడానికి పశువుల్ని మందునీళ్ల తొట్లలో ముంచి తీసే పద్ధతి తెచ్చారు. రైలు కోసం ఆమె భూమి ఇచ్చింది. 1904లో మొదటి రైలు వచ్చింది, కింగ్స్‌విల్ పట్టణం వెలిసింది. మందల్ని నెలలపాటు తోలే బాధ తప్పింది.

మన ఒంగోలు రక్తం

టెక్సస్ ఎండకు తట్టుకునే పశువు కోసం ఈ ర్యాంచ్‌లో షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ జాతుల్ని కలిపి శాంటా గెర్‌ట్రూడిస్ అనే కొత్త జాతిని తయారుచేశారు. 1940లో దానికి ప్రభుత్వ గుర్తింపు దక్కింది. అమెరికా బ్రాహ్మన్‌కు మూలం భారతీయ పశువులే. వాటిలో మన ఒంగోలు జాతీ ఉంది!

ఆ గుర్తింపును హెన్రియెట్టా చూడలేదు. 1925 మార్చి 31న, 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి ర్యాంచ్ దాదాపు 10 లక్షల ఎకరాలు. అంత్యక్రియలకు సుమారు 200 మంది కాపరులు గుర్రాల మీద వచ్చారు. టోపీలు తీసి, సమాధి చుట్టూ ఒక్కసారి తిరిగి, మళ్లీ మందల దగ్గరికి వెళ్లిపోయారు.

ఉద్యోగాల వేటలో ఉన్న మనకు ఆమె కథలో పనికొచ్చేది భూముల లెక్క కాదు. తనకు రాని పని ఎవరికి వచ్చో ఆమె గుర్తుపట్టింది. అలాంటివాళ్లను నమ్మింది, నలభై ఏళ్లు ఓపిక పట్టింది.